మీటరున్నర తీగ

సాల్మియాలో బూ తలాల్ ఇంటికి పోతే
ముందు టీ ఇచ్చి, తర్వాత పెట్టె తెరిచినాడు.
నల్ల మఖమలు మీద చుట్టుకొని పండుకున్న తీగ,
బొటనవేలంత లావు, పైన జడ మాదిరి అల్లిక.
సగం హిందీలో, సగం చేతుల్తో చెప్పినాడు
ఇది మామూలు రాగి కాదని.
వెల నాలుగువందల దీనార్లంట.
నా నాలుగు నెలల జీతం
మీటరున్నర పొడుగుంది.

గోడకి ఇవతల మీటరున్నర సరే.
అవతల?
ఆ కరెంటు అజ్జూర్‌లో సముద్రమొడ్డున పుట్టి
ఎండలో కాగే కమ్మీల మీద నడిచి
ఇసక కింద దూరి
ఈ ఇంట్లోకి చొరబడింది మాత్రం
తొమ్మిదేళ్ల కింద మేము లాగిన తీగలోంచే.
చుట్టకు రెండు దీనార్లు మిగుల్తాయని
మా కాంట్రాక్టరు ఎక్కడో పేరులేని సరుకు తెచ్చినాడు.
దోవంతా గోచీతో వచ్చినోడికి
గడప దగ్గర జరీ పంచె.
ఈ మాట నోటిదాకా వచ్చింది.
టీ తాగేసినా.

వాళ్ల తాత ముత్యాల పడవలో పాటగాడంట.
తాడు లాగేవాళ్లకీ తెడ్డు వేసేవాళ్లకీ
చేతులు ఎప్పుడు కదలాలో ఆయన గొంతే చెప్పేది.
పోయే ముందు ఏడాది
ఎవరో పుణ్యాత్ముడు ఆయన పాటను రీలుకెక్కించినాడు.
ఆ రీలు పెడితే
ముసలాయన గొంతు కింద ఎడతెగని గుంయ్,
అగ్గిపెట్టెలో మూసిన తుమ్మెద మాదిరి.
"ఆ సద్దు వెనకాల సముద్రముంది" అన్నాడు బూ తలాల్.
"నాకు పాట కాదు, సముద్రం కావాల."

గుంయ్ అంటే నాకు తెలీనిదేం కాదు.
మహబుల్లాలో మా రూము కిటికీకి ఆనుకొని
ట్రాన్స్‌ఫార్మరుంది.
మొదటి నెల నిద్రలేదు.
ఇప్పుడు అది ఆగితేనే నిద్రలేదు.
పోయిన ఆగస్టులో ఓ రాత్రి ఆగితే
మంచాల మీద పన్నెండుమందిమీ
ఎవరో పిలిచినట్టు లేచి కూర్చున్నాం.

లావు ప్లగ్గు సాకెట్లో కూచోలేదు.
మెయిను కట్టేసి మూత ఊడదీసినా.
లోపల ఎర్తు తీగ
స్క్రూకి తగిలీ తగలక ఊగతా ఉంది.
ఈ గదికి సాకెట్లు బిగించింది ఎవరో
ఎవర్నీ అడగాల్సిన పన్లేదు.
ఆ పూట నాకు జొరం.
మేస్త్రీ కింద నించి అరుస్తా ఉన్నాడు.

తొమ్మిదేళ్లు!
ఒక ముసలాయన గొంతు మీద
నా జొరం కూచొనుంది.

ముప్పావు చుట్టు తిప్పినా.
అంతే. మణికట్టుకి కూడా తెలీదు.
మూత వేసి, కొత్త తీగ పెట్టి, మెయిను ఎత్తినా.

రీలు తిరిగింది.
ముసలాయన ఊపిరి పీల్చుకోడం వినపడింది ముందు,
తర్వాత పాట,
పాటకీ పాటకీ నడుమ
ఏదో జరజరా వెనక్కి పోతా ఉండింది.
అలలో, పాత టేపు గీతలో,
ఒట్టేసి చెప్పలేను.
బూ తలాల్ గుండె మీద చెయ్యి పెట్టుకొని
తీగ వైపు చూసినాడు.
నేనూ తీగ వైపే చూసినా.

పొయ్యేటప్పుడు పాత తీగ నా చేతిలో పెట్టినాడు.
"తీసుకో. ఇది సముద్రాన్ని మింగింది."
పాపం దానికేం తెలుసు.

రూములో కుక్కరు తీగ కాలిపోయి వారమైంది.
దీని మూతి దానికి సరిపోయింది.
కుక్కరు కూసింది, అన్నం ఉడికింది.
రాయచోటి ఓబులేసు ముద్ద నోట్లో పెట్టుకొని
నమలకుండా ఆగినాడు.
"అన్నా, ఈ పొద్దు మెతుకు మెతుకు విడింది."
"అవే బియ్యం, అవే నీళ్లు రా."
"తీగ పెద్దింటిది గదన్నా."
వాడు నవ్వుతాడేమోనని చూసినా. నవ్వలేదు.

కిటికీ అవతల గుంయ్‌మంటా ఉంది.
నేనింకో గంటెడు పెట్టుకున్నా.
నిజమే,
కొంచెం విడినట్టే ఉండింది.